పేరు చెక్కిన పళ్ళెం

ఇది నేను చాలా ముందే రాయవలసింది. రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. యాభై ఏడేళ్ళు నిండేవరకూ సంతకం అడిగిన ప్రతిచోటా వేలిముద్ర వేసి, ఆ నీలం మరకను చీర కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చినదాన్ని. ఆ తరువాత మా పోదనూరు తెలుగు చర్చిలో పాస్టరమ్మగారు ఆదివారం ఆరాధన ముగిశాక నన్ను చివరి బెంచీమీద కూర్చోబెట్టుకుని, వేలు పట్టి ఒక్కొక్క అక్షరం దిద్దించి, రెండేళ్ళకు బైబిలు నా అంతట నేనే చదువుకునేలా చేశారు. రెండో కారణం వేరు. అక్షరాలు వచ్చాక కూడా ఈ సంగతి రాసే హక్కు నా ఒక్కదానికే లేదు. ఇది నాకంటే నా మనవరాలిది. ఆమె సరే అనేవరకూ ఆగాను.

పోయిన నెల మా చర్చిలో ఒక పెళ్ళి వచ్చింది. కానుకగా ఇద్దామని స్టీలు అండా కొనడానికి బజారులో పాత్రల కొట్టుకు వెళ్ళాను. మా వైపు పాత్ర కొంటే దానిమీద పేరు చెక్కించకుండా ఇంటికి తెచ్చుకోము. పెళ్ళికి ఇచ్చినా, పురిటికి ఇచ్చినా, పోయినవారి గుర్తుగా నలుగురికీ పంచినా, ఇచ్చినవారి పేరో పోయినవారి పేరో చుక్కచుక్కలుగా అంచున ఉండాల్సిందే. నా ఈడు ఆడవాళ్ళ వంటింట్లో గిన్నెలు ఒక్కొక్కటే తిప్పి చూస్తే సగం చుట్టరికం తెలిసిపోతుంది. ఆ కొట్టులో పేర్లు చెక్కే మనిషి, చేతిలో మిషను కిర్రుమంటూ ఉండగా, ఏం పేరు వేయాలమ్మా అని తమిళంలో అడిగాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇదే కొట్టులో, ఇదే చప్పుడుకు రెండు చెవులూ మూసుకుని నవ్వుతూ నిలబడ్డ నాలుగేళ్ళ పిల్ల కళ్ళముందుకు వచ్చింది. పేరు వద్దని చెప్పి బోసి అండాతోనే ఇంటికి వచ్చేశాను.

ఆ ఆదివారం తిరుప్పూరు నుంచి బస్సులో వచ్చిన నా మనవరాలికి ఈ మాట చెబితే, అయితే అదంతా రాసేయి అవ్వా, నా పేరు మాత్రం వేయొద్దు అంది. అందుకని వేయడం లేదు. మూడక్షరాల పేరని మాత్రం చెబుతాను.

మా పెద్దలు రైలు పట్టాల పనికి ఎప్పుడో ఇటు తమిళనాడు వైపు వచ్చి, ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. నా భర్త గ్యాంగుమన్‌గా చేసి, ఉద్యోగంలో ఉండగానే కన్నుమూశారు. నా కొడుకు నీళ్ళ మోటార్లు చేసే కంపెనీలో పనికి కుదిరాక, రైల్వే కాలనీ వెనక సందులో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. కూతుర్ని చిన్నమనూరులో ఇచ్చాం. అల్లుడు ద్రాక్షతోటల్లో పందిళ్ళకు తీగలు కట్టే మనిషి, నెమ్మదైనవాడు. అతను జ్వరాలతో చిక్కి చిక్కి పోయాడు, రెండేళ్ళకు నా కూతురూ అదే దారిన పోయింది. ఆ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు, నేను ఎవరినీ అడగలేదు. అడిగి ఏం చేసుకుంటాను? చివరి వారంలో నా కూతురు నా చేయి పట్టుకుని బిడ్డను వదలొద్దమ్మా అని మాత్రం అంది. వదలనని మాట ఇచ్చి, ఆ పిల్లను చంకన వేసుకుని పోదనూరు వచ్చేశాను.

పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, బిడ్డకు కూడా హెచ్.ఐ.వి. ఉందని, తల్లి నుంచే వచ్చిందని, రోజూ పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఎనిమిదికీ మందు వేస్తే అందరిలాగే పెరుగుతుందని చెప్పారు. కలిసి తిన్నా, కలిసి పడుకున్నా ఎవరికీ అంటదని కూడా చెప్పారు. నేను తల ఊపాను. చెవులు విన్నాయి గాని కడుపులో భయం వినలేదు. అప్పటికి నా కోడలు నిండు గర్భిణి, పెద్దవాడికి మూడేళ్ళు. ఆమె నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. కాని నా మనవరాలు నీళ్ళు తాగి పెట్టిన గ్లాసును ఆమె పైట చెంగుతో పట్టుకుని పక్కకు జరపడం నేను చూశాను. ఆమెను తప్పు పట్టలేకపోయాను. నా చేతులు మాత్రం ఏం చేస్తున్నాయి? ఆ పిల్ల తిన్న గిన్నె నేనూ రెండుసార్లు తోముతున్నాను.

అందుకని ఒక మధ్యాహ్నం ఆ కొట్టుకు వెళ్ళి ఒక పళ్ళెం, ఒక గ్లాసు కొన్నాను. పళ్ళేన్ని మా ఇళ్ళలో తట్టు అంటాం. రెండింటిమీదా పిల్ల పేరు చెక్కమన్నాను. నాకు చదవడం రాదు గనక, కలిసిపోతే పోల్చుకోవడానికి పేరు పక్కన చిన్న పువ్వు కూడా వేయమన్నాను. అతను ఎనిమిది చుక్కలతో పువ్వు వేశాడు. పిల్ల ఆ పువ్వును వేలితో తడిమి తడిమి చూసుకుంది. ఇది నీకు మాత్రమే కణ్ణూ, ముద్దుకోసం కొన్నాను, ఇంకెవరికీ ఇవ్వొద్దు అని చెప్పాను.

ఆ పళ్ళెం తోమడానికి వేరే కొబ్బరిపీచు, ఆరబెట్టడానికి పెరటిగోడ మీద వేరే చోటు. పిల్లకు అదంతా గొప్పగానే ఉండేది. ఇంట్లో పేరున్న పళ్ళెం తనదొక్కటే. ఒకసారి నా మనవడు ఆ పువ్వు పళ్ళెంలోనే తింటానని నేలమీద దొర్లి ఏడ్చి లాక్కుంటే, కోడలు పరుగున వచ్చి వాడి చేతిలోంచి ఊడబెరికి వీపున ఒకటి వేసింది. అత్త నా తట్టు ఎవరికీ ఇయ్యదు చూడు అని నా మనవరాలు సంతోషంగా నాతో అంది.

మందు సీసాల మీద అంటించిన కాగితాలు వేడినీళ్ళలో నానబెట్టి గోటితో గీకేసేదాన్ని. నేను చదవలేను గాని, మా సందులో బడికి వెళ్ళే ప్రతి పిల్లా చదవగలదు. చదువు వచ్చిన వాళ్ళందరన్నా నాకు భయంగా ఉండేది. పిల్లకు మాత్రం, నీకు రక్తం తక్కువ, ఇది బలానికి మాత్ర అని చెప్పాను. పదేళ్ళ వయసు వచ్చినప్పటినుంచీ ఆసుపత్రిలో కౌన్సిలరమ్మ, ఇక బిడ్డకు నిజం చెప్పాలి, మీరు చెబుతారా నేను చెప్పనా అని ప్రతి నెలా అడిగేది. పరీక్షలు కానీ అన్నాను, పెద్దమనిషి కానీ అన్నాను, ఎండాకాలం సెలవులు రానీ అన్నాను. నా ఈడు వాళ్ళకు ఈ వాయిదాలు కొత్త కావు. మనం పిల్లలకు ఏ సంగతీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పి ఎరుగం.

ఆమెకు పద్నాలుగేళ్ళు వచ్చిన ఏడాది, ఒక మందుల రోజున మేము ఎప్పటిలాగే ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాం. మా బెంచీకి పైన గోడమీద ఒక బోర్డు ఉండేది. పదేళ్ళుగా నేను దాని కిందే కూర్చునేదాన్ని, ఫ్యాను గాలి అక్కడికి తగులుతుంది గనక. ఆ రోజు నా మనవరాలు దాహమని లేచి వెళ్ళి, తిరిగి వస్తూ ఆ బోర్డు ముందు నిలబడిపోయింది. మా వంతు వచ్చిందని పిలిచినా కదలలేదు. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచి ఆ పళ్ళెం ముట్టలేదు. నేను వడ్డిస్తే ఆకలి లేదనేది, అందరూ లేచాక అన్నం వెడల్పాటి మూతలో వేసుకుని పెరట్లో నిలబడి తినేది. బడి నుంచి కబురు వచ్చింది, చివరి బెంచీకి మారిందని, పిలిస్తే పలకడం లేదని, పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చిందని. తలదువ్వనిచ్చేది కాదు. చర్చికి రాదు. చిన్న పిల్లలు దగ్గరికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది. వయసు మహిమ, మందలించాలమ్మా అన్నాడు నా కొడుకు. మందలించే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే ఆమె ఏదో తెలుసుకుందని నాకు లోపల అర్థమవుతూనే ఉంది. ఎంత తెలుసుకుందో అడగడానికి నోరు రాలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున పెరట్లో కరివేపాకు తొట్టికి నీళ్ళు పోస్తుంటే, మన్ను కరిగి లోపలినుంచి తెల్లగా ఏవో తేలాయి. ఉబ్బిన మాత్రలు. ఇరవైకి పైనే ఉన్నాయి. నా కళ్ళెదుటే నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేస్తోందన్నమాట. నా కూతురు చివరి రోజుల్లో ఎలా ఉండేదో, ఎముకల మీద చర్మం ఎలా వేలాడేదో, ఆ తొట్టి ముందు కూర్చున్న నాకు మళ్ళీ కనబడింది. ఆ మాత్రలు కొంగులో మూటకట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

కౌన్సిలరమ్మ నన్ను తిట్టలేదు. పిల్లను పిలిపించి తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగిందట. అలాంటి మాట పిల్లల దగ్గర ఎత్తవచ్చునని కూడా నాకు తెలియదు. అనిపిస్తోందని చెప్పిందట, అడిగినందుకు ఏడ్చిందట. ప్రతి వారం తీసుకురండి, ఒంటరిగా వదలకండి, డాక్టరుగారికి కూడా చూపిద్దాం అని చెప్పి, పిల్ల బయటికి వెళ్ళాక ఆమె నాతో ఇంకో మాట అంది. జబ్బు పేరు తెలిసినందుకు ఈ బిడ్డ మందు మానలేదు, మీ ఇంట్లో ఏదో ఉంది, అదేమిటో నాకూ చెప్పడం లేదు, మిమ్మల్నే అడుగుతుంది, అడిగిన రోజున అబద్ధం చెప్పకండి అంది. మందు ఇంకా మానితే ఏమవుతుందని అడిగాను. ఆమె నా చేతిమీద చేయి వేసింది.

ఆ తరువాత నేను ప్రతి ముద్దకూ పిల్ల వైపే చూస్తూ బతికాను. మందు వేళ అయితే నోరు తెరిచి చూపించమనేదాన్ని. ఒకరోజు చూపించేది, ఒకరోజు పళ్ళు బిగించేది. జ్వరం వచ్చి తగ్గి మళ్ళీ వచ్చింది.

అడిగిన రోజు ఆదివారం. మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. ఆమెనూ బతిమాలి కూర్చోబెట్టాను. నా చిన్న మనవరాలు, కోడలి కూతురు, ఏమీ తెలియక, అక్క తట్టు అక్కకు అంటూ ఆ పువ్వు పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. నా మనవరాలు ఆ పళ్ళేన్ని చూసి, నా వైపు చూసింది.

"ఈ తట్టు నాకు ఏంటికి వేరేగా కొంటివి అవ్వా?"

"ముద్దుకు కొంటిని కణ్ణూ," అన్నాను. నోటికి అలవాటైన మాట, ఆపుకునేలోపే వచ్చేసింది.

"మామ పిల్లలు నీకు ముద్దు లేదా? వాళ్ళకేంటికి కొనలేదు?"

నా కొడుకు అన్నం ముందర ఈ మాటలేంటి, తిను పాపా అన్నాడు. నేను అవ్వను అడుగుతుండా మామా అంది, అతని వైపు తిరగకుండానే. ఆ కౌన్సిలరమ్మ మాట గుర్తుకు వచ్చింది. అబద్ధం చెబితే ఈ పిల్ల ఇక నా చేతి మందు ముట్టదని నాకు తెలిసిపోయింది. నిజం చెబితే ముట్టుతుందన్న నమ్మకమూ లేదు.

"భయపడి కొంటిని," అన్నాను.

"ఎవర్ని చూసి?"

"నిన్ను చూసే."

అప్పుడు నా కోడలు, చేతిలో గరిటె అలాగే పట్టుకుని, నేల చూస్తూ అంది, "మీ అవ్వ కొనకుంటే నేనే కొనుంటాను పాపా. ఆమె మీద మాత్రం కోపం పెట్టుకోవద్దు."

పిల్ల ఆమె మాట విన్నదో లేదో. "ఆసుపత్రి గోడమీద బోర్డుండాదే," అంది నాతో. "అందులో ఏం రాసుండాదో తెలుసునా నీకు? పదేండ్లు దాని కిందనే కూర్చుంటివి."

"బొమ్మ చూస్తిని. నలుగురు కలిసి ఒక తట్టులో తింటుండారు."

"అది ఏంటని అనుకుంటివి?"

"ఎక్కడో అన్నదానం పెడతారని అనుకుంటిని."

ఆమె నన్ను ఒక నిమిషం తేరిపార చూసి, అన్నదానమా అంటూ నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, ఆగకుండానే ఏడుపైంది. ఒకే తట్టులో కలిసి తిన్నా హెచ్.ఐ.వి. రాదు, అదీ దానిలో రాసింది అని ఏడుస్తూనే చెప్పింది. ఆ బోర్డు ముందు నిలబడిన నిమిషంలోనే తన జబ్బు పేరూ, తన పళ్ళెం ఎందుకు వేరో, వేరుగా ఉండనక్కర లేదన్నదీ, మూడూ ఒక్కసారే తెలిశాయట. పళ్ళేన్ని పెరట్లోకి విసిరేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. అది బట్టలు ఉతికే రాయికి తగిలి అంచు సొట్టపోయింది. ఆ రోజు ఆమె మందు వేసుకోలేదు.

ఇప్పుడు ఆమెకు ఇరవైమూడేళ్ళు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, ముగ్గురు స్నేహితురాళ్ళతో ఒక గదిలో ఉంటుంది, వాళ్ళలో ఇద్దరికి సంగతి తెలుసు. రోజుకు ఒక్కటే మాత్ర, ఫోనులో గంట మోగితే మింగేసి మాటల్లో పడిపోతుంది. రక్తంలో ఆ వైరసు పరీక్షకు అందనంతగా తగ్గిందని డాక్టరుగారు అంటారు. నెలకొకసారి ఆసుపత్రిలో తనలాంటి పిల్లల దగ్గర కూర్చోవడానికి వెళుతుంది. కొత్త పిల్ల ఎవరు వచ్చినా మొదట అడిగే మాట, ఇంట్లో నీ తట్టు ఏది అని. చాలామంది తల దించుకుంటారట.

ఆ బోర్డు నేను స్వయంగా చదవాలని ఎంతో ఆశపడ్డాను. అది తమిళంలో ఉండేది, నాకు మొదట వచ్చింది తెలుగు, తమిళ అక్షరాలు తరువాత నా మనవరాలే కూర్చోబెట్టి నేర్పింది. కూడబలుక్కుని చదవగలిగే నాటికి వెళ్ళి చూస్తే గోడకు కొత్త రంగు వేశారు, బోర్డు చోట టీవీ ఉంది. ఎవరూ దానివైపు చూడటం లేదు, అందరూ చేతుల్లో ఫోన్లు చూసుకుంటున్నారు. నా మనవరాలికేమో తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇప్పుడు ఇది రాసి ముగించాక ఆమెకు నేనే చదివి వినిపించాలి. మా ఇళ్ళలో పాత్రలమీద పేర్లు చెక్కించడం కూడా తగ్గిపోయింది. కోడలు పింగాణీ పళ్ళేలు కొన్నది, అన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎవరిదో తెలియదు. అది మంచికే. అయినా పాత స్టీలు గిన్నెలు తీసినప్పుడు, పేరు చెక్కించి ఇచ్చినవాళ్ళలో ఎంతమందికి మేము ఇలాగే భయపడి వేరే గ్లాసులో నీళ్ళిచ్చామో అని లెక్కకు రాని దిగులు ఒకటి పట్టుకుంటుంది. మనం ప్రేమనుకుని చేసినవాటిలో భయం ఎంతో, ఇప్పటి పిల్లలు అడిగినట్టు ఆ రోజుల్లో మనల్ని ఎవరూ అడగలేదు.

ఆమె మందు మళ్ళీ మొదలుపెట్టింది ఆ ఆదివారం తరువాత నాలుగో రోజున. ఎవరూ చెప్పకుండానే వచ్చి చేయి చాచింది. దానికి కారణం కౌన్సిలరమ్మో, డాక్టరుగారో, నేనో, నాకు తెలియదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆ సోమవారం పొద్దున నేను చేసింది మాత్రం చెబుతాను.

తెల్లవారి వీధి కుళాయికి నీళ్ళు వచ్చే వేళకు లేచి, పెరట్లో రాయి పక్కన పడి ఉన్న పళ్ళేన్ని తెచ్చి, మా అందరి గిన్నెలు తోమే పీచుతోనే తోమాను. సద్దన్నం అందులో వేసుకుని, మజ్జిగ పోసుకుని, వాకిలి మెట్టుమీద, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ ఎదురుగా కూర్చున్నాను. సొట్ట వల్ల పళ్ళెం ఒడిలో నిలవక ఒరుగుతోంది. మొదటి ముద్ద ఎత్తినప్పుడు నా చేయి ఆగింది. పదేళ్ళ భయం ఒక పూటలో పోలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టే రాస్తున్నాను. దాన్ని ఆ ముద్దతోనే మింగాను. రెండో ముద్ద కలుపుతుంటే వెనక తలుపు కిర్రుమంది. నా మనవరాలు గుమ్మంలో నిలబడి, నన్నూ పళ్ళేన్నీ చాలాసేపు చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. నేను తల ఎత్తకుండా తింటూనే ఉన్నాను. కాసేపటికి తిరిగి వచ్చి, ఒలిచిన చిన్న ఉల్లిపాయలు నాలుగు ఆ పువ్వు పక్కన పెట్టి, పక్కకు ఒరుగుతున్న అంచును చేత్తో పట్టుకుని, నేను తినడం అయ్యేవరకూ నిలబడింది.